వెయిటెడ్ బ్లాంకెట్: కొనే ముందు ఏం చూడాలె, ఇంట్లో ఎట్ల కుట్టుకోవాలె, మన చంద్రపూర్ ఎండల్ల ఎట్ల వాడాలె

మాది మహారాష్ట్రల చంద్రపూర్ జిల్లా, మా బల్లార్షా సైడు షిఫ్ట్ డ్యూటీ లేని ఇల్లు దొరకడం కష్టం. బొగ్గు గనులు, పేపర్ మిల్లు, అటు చంద్రపూర్ థర్మల్ కరెంటు ప్లాంటు, ఇటు గడ్చాందూర్ సిమెంట్ ఫ్యాక్టరీలు, వీటిల్ల ఏదో ఒకదాంట్ల ఇంటికొకరు పని చేస్తనే ఉంటరు. ఈ వారం పొద్దుటి డ్యూటీ, వచ్చే వారం నైటు, ఇట్ల తిరుగుతుంటే ఒంటికి ఎప్పుడు పండుకోవాలెనో తెల్వకుండ అయితది. దానికితోడు ఇంట్లో ఉండే ఆడోళ్ళకు వేరే టెన్షన్, పిల్లల పరీక్షలు, లోన్ కిస్తీలు, ఊర్ల ముసలోళ్ళ ఆరోగ్యం. మా వీధిల నిద్ర పడుతలేదు అనే మాట రోజూ వినబడుతది. అందుకే ఈ బరువు దుప్పట్ల గురించి, అదే వెయిటెడ్ బ్లాంకెట్ల గురించి చాలామంది అడుగుతున్నరు, నేను బ్లౌజులతో పాటు బొంతలు కూడా కుడుత కాబట్టి కుట్టిస్తవా అని కూడా వస్తున్నరు. ప్రతి ఒక్కరికి విడివిడిగా చెప్పేబదులు తెలిసిందంతా ఒక్క దగ్గర రాస్తున్న. జర పెద్దగైతది, కానీ పైసలు పెట్టేముందు మొత్తం చదవండి, ముఖ్యంగా ఎవరు వాడొద్దో రాసిన భాగం మాత్రం వదిలిపెట్టొద్దు.

అసలు ఇదేంది

చూడనీకె మామూలు బొంత లెక్కనే ఉంటది. లోపల దూదికి బదులు, లేదంటే దూదితో పాటు, సన్నటి గాజు పూసలో ప్లాస్టిక్ దానానో పోసి చిన్న చిన్న గళ్ళుగా కుడతరు, అప్పుడు బరువు ఒక్క దిక్కుకు జారకుండ ఒళ్ళంతా సమానంగా పడుతది. మామూలు దుప్పటి కిలో, కిలోన్నర ఉంటే ఇది నాలుగు నుంచి పది కిలోల దాకా ఉంటది.

ఒంటి మీద మెల్లగా, ఒకే తీరుగ ఒత్తిడి పడితే మనసు నెమ్మదిస్తది అన్నదే దీని వెనక ఉన్న ఆలోచన. ఏడ్చే బిడ్డను ఎదకు గట్టిగ హత్తుకుంటే ఊరుకుంటది కదా, అట్లాంటిదే. ఆక్యుపేషనల్ థెరపీ వాళ్ళు, అంటే రోజువారీ పనులు చేసుకోనీకె సాయపడే చికిత్స చేసేటోళ్ళు, దీన్ని డీప్ ప్రెషర్ అంటరు, ఆటిజం (నలుగురితో మాట్లాడుడు, కలిసిపోవుడు కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లలతో చానా ఏండ్ల నుంచి వాడుతున్నరు. అమెరికాల టెంపుల్ గ్రాండిన్ అని ఆటిజం ఉన్న శాస్త్రవేత్త ఉన్నరు, ఆమె పడుచుతనంల పశువులను టీకా కోసం రెండు పలకల మధ్య నొక్కి పట్టినప్పుడు అవి నెమ్మదించడం చూసి, తన ఆందోళన తగ్గనీకె తన కోసమే అట్లాంటి మిషన్ ఒకటి తయారు చేసుకున్నరు.

మరి నిజంగ పని చేస్తదా? నేను చదివినంతల సంగతి ఇది. 2020ల స్వీడన్ డాక్టర్లు డిప్రెషన్, బైపోలార్ (మనసు ఒకసారి మస్తు పైకి, ఒకసారి కిందికి పోయే జబ్బు), ఆందోళన, ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒక్క దగ్గర నిలవని సమస్య) ఉండి నిద్ర పట్టని 120 మంది మీద నాలుగు వారాలు చూసిన్రు. సగం మందికి పూసలకు బదులు గొలుసులు పెట్టిన ఎనిమిది కిలోల దుప్పటి (బరువైతుందన్నోళ్ళకు ఆరు కిలోలది), మిగతా సగానికి చూడనీకె అట్లనే ఉండే కిలోన్నర దుప్పటి ఇచ్చిన్రు. బరువు దుప్పటి వాడినోళ్ళల్ల దాదాపు 59 శాతం మందికి నిద్రలేమి స్కోరు (నిద్ర ఎంత పడుతలేదో ప్రశ్నలడిగి వేసే మార్కు) సగమో అంతకంటే ఎక్కువో తగ్గింది, తేలికది వాడినోళ్ళల్ల 5 శాతం మందికే తగ్గింది. ఫలితం గట్టిదే, కానీ ఒంటి మీద బరువుందో లేదో వాడేటోళ్ళకు తెలుస్తనే ఉంటది కదా, నమ్మకం వల్ల వచ్చిన లాభం ఎంతో వేరు చేసి చూడలేం. దానికి ముందే 2014ల బ్రిటన్‌ల ఆటిజం పిల్లల మీద చేసిన పరీక్షల నిద్ర గంటలు పెరగలేదు, అయినా పిల్లలకు, తల్లిదండ్రులకు ఆ దుప్పటే నచ్చింది. స్వీడన్‌లనే ఉప్సాలాల 26 మంది ఆరోగ్యంగ ఉన్న పడుచోళ్ళ మీద చూస్తే పండుకునే ముందు మెలటోనిన్, అంటే ఒంటికి చీకటి పడ్డదని చెప్పే హార్మోన్, ముప్పై శాతం పైన పెరిగింది గానీ నిద్రల మాత్రం తేడా కనబడలేదు. అంటే ఇది మందు కాదు, కొంతమందికి బాగా సాయపడే వస్తువు, కొంతమందికి ఏం చేయదు. మీరు ఏ లెక్కల ఉన్నరో పైసలు పెట్టకముందే తెలుసుకునే దారి ఒకటి ఉంది, కింద చెప్త.

ఎవరు వాడొద్దు

మొదటిసారి ఆరు కిలోలది మిషన్ మీద పెట్టి కుడుతుంటే మా అత్తమ్మ వచ్చి చేత్తో లేపి చూసి, "గింత బరువు మీదేసుకుంటే ఊపిరెట్ల ఆడుతది బిడ్డా?" అని అడిగింది. అందరు ముందుగాల అడగాల్సిన మాట అదే. ఆరోగ్యంగ ఉన్న పెద్దోళ్ళకు భయం లేదు, బరువు ఒళ్ళంతా పంచుకపోతది, ఛాతీ మీద పడేది కొంచెమే. కానీ కింద చెప్పినోళ్ళు డాక్టర్‌ను అడగంది ముట్టుకోవద్దు.

ఆస్తమా, దమ్ము ఉన్నోళ్ళు. ఏండ్లకేండ్లు బొగ్గు ధూళిల పని చేసి మెట్లెక్కితేనే ఆయాసం వచ్చే పెద్దమనుషులు మన దిక్కు ఇంటింటికి ఉన్నరు, వాళ్ళ ఛాతీ మీద ఎక్స్‌ట్రా బరువు పెట్టుడు మంచిది కాదు. గట్టిగ గురక పెట్టి మధ్యల ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేటోళ్ళు కూడా, అది స్లీప్ ఆప్నియా కావచ్చు, వాళ్ళకు కావాల్సింది దుప్పటి కాదు, డాక్టర్ పరీక్ష. షుగర్ వల్ల కాళ్ళు మొద్దుబారినోళ్ళకు బరువు ఎక్కడ ఒత్తుతుందో తెల్వదు, పుండ్లు పడుతయి. రక్తప్రసరణ సమస్య ఉన్నోళ్ళు, ఎముకలు బలహీనమైన ముసలోళ్ళు, కొత్తగ ఆపరేషన్ అయినోళ్ళు, గర్భంతో ఉన్నోళ్ళు, మూసేసినట్టుంటే భయమయ్యేటోళ్ళు, వీళ్ళందరు ఆగాలె.

చంటిపిల్లలకు మాత్రం డాక్టర్‌ను అడిగేది కూడా లేదు, అస్సలే వద్దు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022ల ఇచ్చిన సూచనలల్ల పసిపిల్లల మీద గానీ పక్కన గానీ బరువున్న దుప్పట్లు, బరువున్న పొత్తిగుడ్డలు పెట్టొద్దని స్పష్టంగ రాసింది. అదే ఏడు అమెరికాల పిల్లల కోసమే అమ్మిన ఒక వెయిటెడ్ బ్లాంకెట్ కవర్ జిప్ తీసి ఇద్దరు చిన్న ఆడపిల్లలు లోపలికి పోయి ఇరుక్కొని చనిపోయిన్రు, తర్వాత కంపెనీ దాన్ని వాపస్ తీసుకుంది. 2008ల కెనడాల ఆటిజం ఉన్న తొమ్మిదేండ్ల పిలగాణ్ణి స్కూల్ల ఇట్లాంటి దుప్పట్ల చుట్టి పెడితే ప్రాణం పోయింది. పెద్ద పిల్లలకు వాడాలంటే థెరపిస్ట్ చెప్తేనే, చూసుకునేటోళ్ళు పక్కన ఉంటేనే. చుట్టుడు మాత్రం ఏ వయసోళ్ళకైనా వద్దు.

గుర్తు పెట్టుకునే రూల్ ఒక్కటే, నిద్రమబ్బుల కూడా ఒక్క చేత్తో నూకి పడేయగలగాలె. అది చేతకాని మనిషి మీద ఆ దుప్పటి ఉండొద్దు.

కొనే ముందు ఇంట్లో బొంతతో ట్రయల్ చేయండి

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మెట్టు ఇదే, దీన్ని ఎవరూ చెప్పరు. మన ఇండ్లల్ల పాత నూలు చీరలతో కుట్టిన బొంతలు ఉంటయి, మరాఠీ వాళ్ళ ఇండ్లల్ల గోధడీలు, ఊరి నుంచి తెచ్చిన గొంగడి ఉన్నా మంచిదే. బాత్‌రూమ్ తూకం మిషన్ మీద ముందు మీరొక్కరే నిలబడండి, తర్వాత బొంత ఎత్తుకొని నిలబడండి, తేడానే బొంత బరువు. ఆరేడు చీరలు పెట్టి మందంగ కుట్టింది మూడు కిలోల దగ్గరికి వస్తది. దాన్ని పొడుగుకు మడిచి మీ ఒంటి వెడల్పుకే వచ్చేటట్టు మెడ కింది నుంచి పాదాల దాకా వేసుకొని పొద్దుమాపు ఒక ఇరవై నిమిషాలు పడుకోండి. చాలకపోతే ఇంకోటి వేసుకోండి.

ఉక్కపోస్తది, నిజమే, అందుకే చలికాలంలనో కూలర్ ముందటనో చేయండి. చూడాల్సింది వేడి కాదు, బరువు మీద పడ్డప్పుడు మీకేమనిపిస్తుందనేది. భుజాలు వదులై ఊపిరి నిదానమైతే, ఇంకా కొంచెంసేపు ఇట్లనే ఉండాలనిపిస్తే, మీకు పనికొచ్చే అవకాశం ఉంది. ఎప్పుడు తీసేద్దామా అని చిరాకు లేస్తే కొన్న తర్వాత కూడా అదే చిరాకు వస్తది, అట్లాంటోళ్ళు పైసలు దాచుకోండి. ఒక వారం ఇట్ల చూసినంక నిర్ణయం తీసుకోండి.

బరువు ఎంత

మీ బరువుల పదో వంతు అని అందరు చెప్తరు. అరవై కిలోల మనిషికి ఆరు కిలోలు. ఇది ఎక్కువగ కంపెనీలు, థెరపిస్టులు అలవాటుగ చెప్పే లెక్క, రాయి మీద గీత కాదు. నా సలహా అయితే కిందికే దిగండి, మొదటిసారి వాడేటోళ్ళు అరవై కిలోలుంటే నాలుగున్నర, ఐదు కిలోలది చాలు. ఒళ్ళు భారీగ ఉన్నోళ్ళు పదో వంతు లెక్క పట్టుకొని పది, పన్నెండు కిలోలకు పోవద్దు, పక్క మీద తిరగనీకె రాదు. నొప్పులున్న పెద్ద వయసోళ్ళు డాక్టర్ సరే అన్నంక కూడా రెండు మూడు కిలోల నుంచే మొదలు పెట్టాలె.

భార్యాభర్తలు ఇద్దరికీ కలిపి ఒక్క పెద్దది కొనొద్దు. ఇద్దరి బరువులు వేరు, పైగా డబల్ బెడ్ దుప్పటి బరువు ఇద్దరి మధ్య ఉన్న ఖాళీల, మంచం అంచుల మీద పోతది, షిఫ్ట్ డ్యూటీ ఇంట్లనైతే ఇద్దరు ఒక్క టైమ్‌కు పడుకునేదే తక్కువ. ఎవరిది వాళ్ళకు సింగిల్, దాదాపు 48 ఇంచులు బై 72 ఇంచులు. మంచానికి కొలత తీసుకోవద్దు, మనిషికి తీసుకోండి. అంచులు మంచం కిందికి వేలాడితే రాత్రంతా బరువుకు జారి జారి పొద్దుగాలకు నేల మీద ఉంటది.

కొనేటప్పుడు చూడాల్సినయి

లోపల ఏముందో అడగండి. గాజు పూసలు ఇసుక లెక్క సన్నగ ఉంటయి, చప్పుడు తక్కువ, దుప్పటి పల్చగ వస్తది, మన ఎండలకు ఇదే మంచిది. ప్లాస్టిక్ దానా చవక గానీ తేలిక, అదే బరువుకు రెండింతలకు పైన జాగా తీసుకుంటది, అందుకే దుప్పటి ఉబ్బుతది, వేడి కూడా ఎక్కువ. లావు దారంతో చేతి అల్లిక లెక్క అల్లినయి కూడా వస్తున్నయి, వాటిల్ల పూసలుండవు, దారం బరువే బరువు, కన్నాలల్లకెళ్ళి గాలి ఆడుతది, ధర మాత్రం ఎక్కువ. గళ్ళు నాలుగైదు ఇంచుల కంటే పెద్దగుంటే పూసలన్నీ ఒక్క మూలకు చేరుతయి, అది చూసుకోండి. పై గుడ్డ నూలు ఉండాలె, ముట్టుకుంటే మెత్తగ కుక్కపిల్ల బొచ్చు తీరు ఉండే పాలిస్టర్ గుడ్డ ఫోటోల బాగుంటది గానీ మన దిక్కు ఏడాదిల తొమ్మిది నెలలు పనికిరాదు. కవర్ విడిగ తీసి ఉతికేటట్టు ఉండాలె.

ఆన్‌లైన్‌ల కొనేటోళ్ళు వాపస్ రూల్ ముందే చదవండి. ఆరేడు కిలోల పార్సిల్ మన పిన్‌కోడ్ నుంచి రిటర్న్ తీసుకుంటరా లేదా, కొరియర్ ఖర్చు ఎవరిదో చూసుకోండి. నాగ్‌పూర్ పోయే పనుంటే అక్కడ పెద్ద షాపుల ఒంటి మీద వేసుకొని చూసి కొనుడు నయం.

ఇంట్లనే కుట్టుకోవాలంటే

కుట్టు మిషన్ వచ్చినోళ్ళకు ఇది పెద్ద పని కాదు, ఓపిక పని. అరవై కిలోల మనిషికి ఆరు కిలోల దుప్పటి అనుకొని లెక్క చెప్త, మీకు తక్కువ కావాలంటే పోసేది తగ్గించుకోండి.

గుడ్డ దగ్గర కక్కుర్తి పడొద్దు. దగ్గర నేత నూలు గుడ్డ, వెలుతురుకు పట్టి చూస్తే కన్నాలు కనబడొద్దు, పూసలు దాంట్లకెళ్ళే బయటికి వస్తయి. ముందు నీళ్ళల్ల నానబెట్టి ఆరేయండి, లేకుంటే తర్వాత ముడుచుకపోయి కుట్లు గుంజుతది. 48 బై 72 ఇంచులకు రెండు ముక్కలు, చుట్టూ కుట్టుకు ఇంచు ఇంచు ఎక్కువ పెట్టి కత్తిరించండి. ఉల్టా పెట్టి మూడు దిక్కుల డబల్ కుట్టు వేసి తిరగేయండి, పొట్టి దిక్కు ఒకటి తెరిచి పెట్టండి, సంచి అయితది.

ఇప్పుడు తెరిచిన దిక్కు నుంచి కింది దాకా ఆరు ఇంచులకు ఒక గీత గీసి నిలువు కుట్లు వేయండి. ఎనిమిది గొట్టాలొస్తయి. ఒక్కో గొట్టంల ఆరు ఇంచులకొక గడి చొప్పున పన్నెండు గళ్ళు, మొత్తం 96. కొనేదాంట్ల నాలుగైదు ఇంచులని చెప్పిన, ఇంట్లో కుట్టేటప్పుడు ఆరు వరకు నడుస్తది, ఎందుకంటే ఇంకా చిన్నగైతే అన్ని గళ్ళు నింపలేక మధ్యలనే వదిలేస్తరు. గుడ్డ బరువు కిలో అనుకుంటే పోయాల్సింది ఐదు కిలోలు, అంటే గడికి 52 గ్రాములు. వంటింటి డిజిటల్ కాంటా మీద ఒక్కసారి 52 గ్రాములు తూచి, అది ఏ చిన్న గ్లాసుల ఎక్కడిదాకా వస్తదో గీత పెట్టుకోండి, ప్రతిసారి తూచే బాధ ఉండదు.

ఎనిమిది గొట్టాలల్ల ఒక్కో గ్లాసు పోసి, దుప్పటి పట్టుకొని ఒక్కసారి దులిపితే పూసలన్నీ కిందికి చేరుతయి, అప్పుడు కింది అంచు నుంచి ఆరు ఇంచుల పైన అడ్డం కుట్టు వేసేయండి. మళ్ళ పోసి, మళ్ళ కుట్టు. సగం అయ్యేసరికి బరువు మిషన్ మీదికెళ్ళి కిందికి గుంజుతది, సూది వంకర పోయి విరుగుతది, అందుకే పక్కన స్టూలో బల్లో వేసి బరువంతా దాని మీద ఆనించాలె. 16 నంబర్ సూది పెట్టండి, గట్టి పాలిస్టర్ దారం వాడండి. కుట్టు దారిల పూస అడ్డమొస్తే సూది పటక్కున విరిగి ముఖం మీదికి ఎగురుతది, కుట్టే ముందు వేలితో గీత వెంబడి తడిమి పూసలు పక్కకు జరపండి, కండ్లద్దాలుంటే పెట్టుకోండి.

పోయనీకె గాజు పూసలు లేదా ప్లాస్టిక్ దానానే తీసుకోండి. బియ్యం, శనగలు పోసుకోవచ్చా అని అడుగుతుంటరు. వద్దు, పురుగు పడుతది, వానకాలంల బూజు పడుతది, ఉతకనీకె రాదు. ఇసుక కూడా వద్దు, ఎంత కడిగినా సన్న దుమ్ము బయటికి వస్తనే ఉంటది, పడుకున్న మనిషి ఊపిరిలకు పోతది.

మొదటి రోజులల్ల ఎట్ల వాడాలె

కొత్తగ తెచ్చిన నాడే రాత్రంతా కప్పుకోవద్దు. ముందు కూసున్నప్పుడు ఒళ్ళె వేసుకొని టీవీ చూస్తూ ఇరవై నిమిషాలు. రెండు మూడు రోజులైనంక పండుకున్నప్పుడు పాదాల నుంచి మోకాళ్ళ దాకా, తర్వాత నడుము దాకా, అటెన్క భుజాల దాకా. మెడ మీద, ముఖం మీద ఎప్పటికీ రావొద్దు, చేతులు బయట పెట్టుకుంటే ఇంకా మంచిది. బోర్ల పండుకునే అలవాటున్నోళ్ళు నడుము కిందికే ఉంచుకోండి. కాళ్ళు చేతులు తిమ్మిరెక్కినా, లేచేసరికి ఒళ్ళు నొప్పులున్నా బరువు ఎక్కువైనట్టే. రెండు మూడు వారాలు చూసి తేడా లేదనిపిస్తే బలవంతంగ వాడకండి.

ఎండ సంగతి

ఈ దుప్పట్ల గురించి రాసేటోళ్ళు చానామంది చలి దేశాలోళ్ళు. మన చంద్రపూర్‌ల మే నెలల 45, 46 డిగ్రీలు మామూలు ముచ్చట, రాత్రి పది దాటినా గోడలు వేడి కక్కుతనే ఉంటయి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలె, అది దిగనీయకుండ ఆరు కిలోలు మీద వేసుకుంటే ఉన్న నిద్ర కూడా పోతది. కూలర్ ఉంటే సరిపోతది అనుకోవద్దు, కూలర్ గాలిల తేమ ఉంటది, కిటికీ తెరిచి పెట్టకుంటే ఆ తేమకు దుప్పటి కింద జిగటజిగట అయితది. ఏసీ ఉన్నోళ్ళు వాడుకోవచ్చు. లేనోళ్ళు ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా పెద్దదాన్ని మడిచి పెట్టి, కిలోన్నర రెండు కిలోల చిన్న ముక్క, ఒకటిన్నర అడుగు బై రెండడుగులు, అట్లాంటిది కుట్టుకొని పాదాల మీదనో తొడల మీదనో వేసుకోండి. కుట్టనీకె కూడా సులువు, మొదటిసారి కుట్టేటోళ్ళు దీంతోనే మొదలుపెడితే చెయ్యి తిరుగుతది.

నైట్ చేసి వచ్చి పగలు పండుకునేటోళ్ళకు దుప్పటి కంటే ముందు చీకటి కావాలె. కిటికీకి మందమైన నల్లగుడ్డ కట్టి, ఇంటికి వచ్చేటప్పుడే నల్ల కండ్లద్దాలు పెట్టుకొని వస్తే ఒళ్ళు నిద్రకు తయారైతది. పగటి ఎండల పెద్ద దుప్పటి వద్దు, చిన్న ముక్క చాలు. కొత్తగ మొదలుపెట్టాలనుకునేటోళ్ళకు మాత్రం డిసెంబర్, జనవరి మంచి కాలం.

టెన్షన్‌కు వాడేటోళ్ళకు

గుండె దడ, చేతులు వణుకుడు, ఏదో అయిపోతదన్న భయం వచ్చినప్పుడు కూసొని ఒళ్ళె ఈ బరువు పెట్టుకొని, ముక్కుతో పీల్చినదానికంటే నిదానంగ ఊపిరి వదులుకుంటూ పది నిమిషాలు ఉంటే కొంతమందికి దిగుతది. ఆ కాసేపు ఫోన్ పక్కన పెట్టండి. ఛాతీల నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి గుంజుడు ఉంటే దాన్ని టెన్షన్ అనుకొని దుప్పటి కప్పుకొని పండుకోవద్దు, వెంటనే దవాఖానకు పోండి.

నెలల నుంచి నిద్ర లేకుంటే దుప్పటితోనే సరిపెట్టకండి. దీర్ఘకాలం నిద్రలేమికి డాక్టర్లు మొదట చెప్పేది సీబీటీఐ అనే పద్ధతి, అంటే రోజూ ఒక్కటే టైమ్‌కు లేచుడు, నిద్ర వస్తేనే మంచం ఎక్కుడు, రాకుంటే లేచి వేరే రూంల కూసునుడు, నిద్ర గురించి ఉన్న భయాన్ని తగ్గించుకునుడు. షిఫ్ట్ డ్యూటీ వాళ్ళకు ఒక్కటే టైమ్ కుదరదు, వాళ్ళ లెక్క డాక్టర్ వేరేగ వేసిస్తరు. నిద్రమాత్రలు వాడుతున్నోళ్ళు దుప్పటి కొన్నం కదా అని సొంతంగ ఆపేయొద్దు, మాత్ర మత్తుల ఉన్నప్పుడు బరువు దుప్పటి కప్పుకోవచ్చా అనేది కూడా డాక్టర్‌నే అడగండి. బతకాలని లేదు అన్న ఆలోచన వస్తున్నా, ఇంట్లో ఎవరన్న అట్ల మాట్లాడుతున్నా 14416కు ఫోన్ చేయండి. అది సర్కారు వాళ్ళ టెలీ మానస్, పైసలు పడవు, రాత్రి పగలు ఎప్పుడన్న చేయొచ్చు, తెలుగుల మాట్లాడతరు, మరాఠీల కూడా.

ఉతుకుడు, దాచుడు

వారానికొకసారి కవర్ ఒక్కటే ఉతకండి. లోపలి దుప్పటి ఏడాదికి రెండుసార్లు చాలు. ఇంట్లో ఉండే ఆరున్నర, ఏడు కిలోల వాషింగ్ మిషన్‌ల ఆరు కిలోల దుప్పటి వేయొద్దు, నీళ్ళు పీల్చి బరువు మస్తు పెరుగుతది, డ్రమ్ము ఒక్క దిక్కుకు ఊగి మోటర్ పోతది. పెద్ద టబ్‌ల సబ్బు నీళ్ళు పోసి కాళ్ళతో తొక్కి, పిండకుండ వంపుగ ఉన్న బండ మీద పరిచి నీళ్ళు కారిపోనీయండి. తీగ మీద ఆరేస్తే పూసలన్నీ గళ్ళ అడుగుకు చేరి కుట్లు తెగుతయి, అందుకే మంచం మీద పరిచి అటుఇటు తిప్పుతూ ఆరబెట్టండి. వానకాలంల ఉతకొద్దు, లోపల ఆరక వాసన పడుతది.

నెలకొకసారి కుట్లన్నీ చేత్తో తడిమి చూడండి, ఎక్కడన్న వదులైతే ఆ గడి చుట్టూ వెంటనే ఇంకో కుట్టు వేయండి. ఇంట్లో పాకే పిల్లలుంటే ఒక్క పూస కింద పడ్డా నోట్లో పెట్టుకుంటరు, కాబట్టి పిల్లలు ఆడుకునే రూంల దీన్ని పెట్టొద్దు, వాడనప్పుడు మడిచి అల్మారాల కింది అరల పెట్టి తలుపు వేసేయండి. పై అరల పెడితే ఎవరన్న గుంజినప్పుడు ఆరు కిలోలు నెత్తి మీద పడుతది.